2015 సిటీకి లక్ష పెట్టాలా, ఎక్స్‌యూవీ700కి పాతిక లక్షలు పెట్టాలా?

మియాపూర్_మూర్తి
బండి హోండా సిటీ, 2015 మోడల్, 1.5 పెట్రోల్ మాన్యువల్. 92 వేలు తిరిగింది. ఇంజిన్ మీద కంప్లైంట్ లేదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు పక్క కటకట శబ్దం. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్‌లో వణుకు. నాలుగు టైర్లూ మార్చాల్సిందే. షెడ్డులో అన్నీ కలిపి లక్ష దాకా అవుతుందంటున్నారు.
ఇంట్లో మాత్రం మహీంద్రా ఎక్స్‌యూవీ700, ఏడు సీట్ల ఎస్‌యూవీ, తీసుకుందామంటున్నారు. ఆన్ రోడ్ పాతిక లక్షలు దాటుతోంది. నెలకి వెయ్యి కిలోమీటర్లు, అందులో ముప్పావు వంతు ఊళ్లో ట్రాఫిక్కే. ఇంట్లో నలుగురం. పండగలకి అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం రాజమండ్రి వెళ్లాలి. పదేళ్ల బండికి లక్ష పెట్టడం దండగా? రెండు బండ్లూ తెలిసినవాళ్లు చెప్పండి.

ఎన్‌హెచ్65
ఆరుగురు అన్నారు కదా. సిటీలో చట్టప్రకారం ఐదుగురే. ఇంక ప్రశ్నేముంది?

ఓరుగల్లు_రైడర్
ఏడాదికి మూడుసార్లు ఆరుగురు అయితరు గదా అని పాతిక లక్షల బండి కొంటారా అన్నా? ఆ మూడుసార్లు ఇన్నోవా కిరాయికి మాట్లాడుకుంటే అయిపాయె.

లెక్కల_మాస్టారు
లెక్క ఒకసారి కాగితం మీద పెడదాం, తర్వాత వాదించుకుందాం.
20 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకోండి. ఈఎంఐ దాదాపు 41,500. ఐదేళ్లలో కట్టే వడ్డీయే 4.9 లక్షలు. ఈఎంఐ తగ్గించుకుందామని ఏడేళ్లు పెడితే నెలకి 32,200 అవుతుంది, వడ్డీ మాత్రం 7 లక్షలకి చేరుతుంది. షోరూంలో ఈఎంఐ ఒక్కటే చూపిస్తారు. మొత్తం ఎంత కడుతున్నామో మనమే లెక్క వేసుకోవాలి.
లైఫ్ ట్యాక్స్ స్లాబ్ ధర పెరిగేకొద్దీ పెరుగుతుంది. పది లక్షలు దాటిన కారుకి పదిహేను శాతం పైనే. సిటీ మీ పేరు మీదే ఉంచి కొత్తది కూడా మీ పేరునే రాయిస్తే రెండో బండి కింద ఇంకో 2 శాతం పడుతుంది. బండి అమ్మినప్పుడు ఈ డబ్బులో రూపాయి తిరిగి రాదు.
ఇన్సూరెన్స్ చూడండి. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, 2022 రేట్ల ప్రకారం: 1000 నుంచి 1500 సీసీ దాకా ఏడాదికి 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. సిటీ 1497 సీసీ, కింద స్లాబులోనే ఉంది. ఎక్స్‌యూవీ పెట్రోలైనా డీజిలైనా పై స్లాబే. పైన జీఎస్టీ వేరు. కొత్త బండికి మూడేళ్లది ఒకేసారి కట్టాలి, అది 24,596.
ఐదో ఏడాదికి ఐడీవీ (ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టే విలువ) ఎక్స్ షోరూం ధరలో సగానికి వస్తుంది. మార్కెట్లో కాస్త ఎక్కువే పలకొచ్చు, కానీ ట్యాక్స్, వడ్డీ, ఇన్సూరెన్స్ ఏవీ వెనక్కి రావు. ఐదేళ్లకి పదిహేను లక్షలకి తక్కువ కాకుండా ఖర్చని నా అంచనా. లక్ష రిపేర్‌ని ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

డీజిల్_దొర
మాస్టారూ, లెక్క బాగానే ఉంది గానీ కారంటే ఈఎంఐ ఒక్కటే కాదు కదండీ. సిటీ పెట్రోల్‌కి 119 పీఎస్ పవర్, 145 ఎన్ఎం టార్క్, అంటే లాగే బలం. ఆ 145 కూడా 4600 ఆర్పీఎం దగ్గర వస్తుంది. ఐదుగురు ఎక్కి ఏసీ వేసి ఘాట్ ఎక్కితే రెండో గేరే దిక్కు. ఎక్స్‌యూవీ డీజిల్ మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 450 ఎన్ఎం. లారీని ఓవర్‌టేక్ చేయడానికి పట్టే దూరం బాగా తగ్గుతుంది. అది కూడా భద్రతే.

సెకండ్_గేర్
దొరగారు చెప్పింది 185 పీఎస్ డీజిల్‌కి నిజం. బేస్ వేరియంట్ ఎంఎక్స్ డీజిల్‌లో 155 పీఎస్, 360 ఎన్ఎం మాత్రమే. టెస్ట్ డ్రైవ్ 185 పీఎస్ బండిలో చేసి, ధర చూసి ఎంఎక్స్ బుక్ చేసేవాళ్లున్నారు. ఏ ఇంజిన్ నడిపారో అదే కొంటున్నారా అని చూసుకోండి.

పటాన్‌చెరు_పైలట్
మూర్తన్నా, నెలకు వెయ్యి కిలోమీటర్లల్ల ఏడు వందల యాభై ట్రాఫిక్కే అన్నవ్. గట్ల తిరిగెటోళ్లు బీఎస్6 (కొత్త పొగ రూల్స్) డీజిల్ జోలికి పోవద్దు. డీపీఎఫ్ ఉంటది. సైలెన్సర్ లైన్ల పొగ మసిని పట్టే జాలి అనుకో. ఆ మసి కాలాలంటే బండి ఆగకుండ అరవై స్పీడ్ మీద పదిహేను ఇరవై నిమిషాలు నడవాలె. రోజూ ఐదారు కిలోమీటర్లు పోయి బంద్ జేస్తే మసి కాలుడు మధ్యల ఆగిపోతది. మళ్ల మొదలైతది, మళ్ల ఆగుతది. కాల్చనీకి ఎక్కువ కొట్టిన డీజిల్ జారి ఆయిల్ సంపులకు దిగుతది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గుడు పోయి పెరుగుతుంటది! పెరిగిందంటే సంతోషపడొద్దు, పల్చబడ్డదని అర్థం. టర్బో బేరింగులు పోయేది అట్లనే.

డీజిల్_దొర
వారానికొకసారి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి అరగంట తిప్పితే డీపీఎఫ్ బాధే ఉండదు.

పటాన్‌చెరు_పైలట్
జాలి శుభ్రం జేసేతందుకు వారం వారం డీజిల్ పోసుకొని ఓఆర్ఆర్ చుట్టూ తిరుగుడేందన్నా, పైంగ టోల్ గూడ కట్టుకుంట?

గోదారి_గట్టు
యాడ్‌బ్లూ సంగతి కూడా చెప్పండి. డీజిల్‌లో ఎస్సీఆర్ (పొగలో విషవాయువులు తగ్గించే ఏర్పాటు) ఉన్న వేరియంట్ అయితే అది విడిగా పోయాలి. అది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీళ్లు. మీటర్‌లో ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చూపిస్తుంది. సున్నాకి వచ్చాక బండి ఆపితే మళ్లీ స్టార్ట్ అవదు. సీల్ ఉన్న డబ్బానే కొనండి, తేదీ చూడండి. ఎండలో నెలల తరబడి ఉన్న డబ్బా పాడవుతుంది. పోసేటప్పుడు ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే తెల్లగా ఉప్పులా గడ్డకడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, డీజిల్ మూతలో యాడ్‌బ్లూ పోయకూడదు. పోశారని తెలిస్తే ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకుండా టో చేయించాలి. ఆన్ చేస్తే పంపు తిరిగి లైనంతా ఎక్కుతుంది.

లెక్కల_మాస్టారు
ఇంధనం లెక్క కూడా వేసేద్దాం. ఊళ్లో సిటీ పెట్రోల్ 13 ఇస్తుందనుకుంటే వెయ్యి కిలోమీటర్లకి 77 లీటర్లు, లీటరు 107 చొప్పున 8,200. ఎక్స్‌యూవీ పెట్రోల్ ఆటోమేటిక్‌కి ట్రాఫిక్‌లో ఎనిమిదిన్నర వేసుకుంటే 118 లీటర్లు, 12,600. డీజిల్ 12 ఇస్తే 83 లీటర్లు, 96 చొప్పున 8,000. అంటే డీజిల్‌తో సిటీ కంటే మిగిలేది నెలకి రెండు వందలు. దానికోసం డీపీఎఫ్ తలనొప్పి తెచ్చుకోవడం నాకైతే సమ్మతం కాదు. ఈ తిరుగుడుకి ఎక్స్‌యూవీయే కావాలంటే పెట్రోల్ తీసుకుని ఆ నాలుగు వేలు ఎక్కువ భరించడం నయం.

బేరింగ్_బాబాయ్
అసలు బండి ఎలా ఉందో చూడకుండా అమ్మాలా ఉంచాలా అని కొట్టుకుంటున్నారు. మూర్తిగారూ, షెడ్డువాళ్లు చెప్పిన లక్షలో ఏ పార్టుకి ఎంతో రాయించుకున్నారా? 92 వేల దగ్గర ఈ సిటీకి వచ్చేవి తెలిసినవే. శబ్దాన్ని బట్టి ఏ పార్టో పట్టుకోవచ్చు.
చిన్న గుంతల మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కటకట అంటే ముందు స్టెబిలైజర్ లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే బార్‌ని చక్రం వైపు కలిపే చిన్న రాడ్లు) చూడండి. జాకీ ఎక్కించి రాడ్డుని చేత్తో అటూ ఇటూ ఊపితే బాల్ జాయింట్‌లో ఆట తెలుస్తుంది. జత రెండు మూడు వేలల్లో అయిపోతుంది. బండి ఆపి స్టీరింగ్ తిప్పితే టక్కుమని, స్ప్రింగ్ తిరిగినట్టు శబ్దం వస్తే స్ట్రట్ (ముందు షాక్ అబ్జార్బర్) మౌంట్, దాని బేరింగ్. బ్రేక్ కొట్టినప్పుడు, క్లచ్ వదిలినప్పుడు ధడ్ అంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చేయి) వెనక బుష్, అంటే రబ్బరు కుషన్. రబ్బరు చీలిందా అని టార్చి వేసి కింద నుంచి చూడాలి. స్ట్రట్ బాడీ మీద ఆయిల్ జిడ్డు కట్టి ధూళి పట్టి ఉంటే స్ట్రట్టే పోయింది. అది కారకపోతే తొందరపడి మార్చక్కర్లేదు.
బుష్ మార్చేటప్పుడు ఒక మాట. కంపెనీ సర్వీస్‌లో ఆర్మ్ మొత్తం మారుస్తారు. బయట బుష్ ఒక్కటే దొరుకుతుంది, హైడ్రాలిక్ ప్రెస్ మీద ఎక్కించాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. ఇక ఆఖరి బిగింపు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆర్మ్ బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. ఆరు నెలల్లో చిరుగుతుంది. బోల్టు వదులుగా ఉంచి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఫుల్ టైట్ చేయాలి. పిట్ ఉన్న షెడ్డుకి వెళ్లమనేది అందుకే. కొత్త బుష్ వేశాక కూడా శబ్దం తిరిగొచ్చిందనేవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే.

మియాపూర్_మూర్తి
బాబాయ్‌గారూ, రాయించుకోలేదు. నోటి లెక్కే చెప్పారు. వణుకు సంగతేంటి? ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని మోసే రబ్బరు దిమ్మ) అంటున్నారు.

బేరింగ్_బాబాయ్
కావొచ్చు. మౌంట్ మార్చేముందు ఖర్చు లేని పని ఒకటి చేయించండి. థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి గాలి వదిలే ద్వారం) నల్లగా మసి కడితే ఐడిల్, అంటే బండి ఆగినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, పడిపోతుంది, ఏసీ లోడ్ పడగానే వణుకుతుంది. క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవాలి, ప్లేట్‌ని వేలితో నెట్టకూడదు. బ్యాటరీ టెర్మినల్ తీసినా, థ్రాటిల్ కడిగినా ఐడిల్ మళ్లీ నేర్పించాలి. ఏసీ, లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆఫ్ చేయండి. ఇగ్నిషన్ ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి స్టార్ట్ చేయండి. న్యూట్రల్‌లో 3000 ఆర్పీఎం దగ్గర పట్టుకోండి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా. తర్వాత యాక్సిలరేటర్ వదిలేసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. ఈ పని చేయకపోతే కడిగిన తర్వాత వణుకు ఎక్కువైందని అనిపిస్తుంది.
అప్పటికీ తగ్గకపోతే మౌంట్. బానెట్ ఎత్తి, ఒకరు బ్రేక్, హ్యాండ్ బ్రేక్ గట్టిగా పట్టి ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం వదలాలి, తర్వాత రివర్స్‌లో. బండి ఎదుట ఎవరూ నిలబడకూడదు, పక్క నుంచి చూడాలి. ఇంజిన్ ఎగిరి పడినట్టు ఊగితే మౌంట్ పోయినట్టే. కుడిపక్క మౌంట్‌లో ద్రవం ఉంటుంది, అది కారితే చుట్టూ నల్లగా తడి కనిపిస్తుంది.
ఇంకోటి, ఈ ఇంజిన్‌కి ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్) చేత్తోనే సెట్ చేయాలి, వాటంతట అవే సర్దుకునే హైడ్రాలిక్ రకం కావు. చల్లని ఇంజిన్ మీద ఇన్‌టేక్ 0.15 నుంచి 0.19 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.26 నుంచి 0.30. 92 వేల దాకా ఎవరూ చూసి ఉండరు. టిక్ టిక్ శబ్దం వస్తే గ్యాప్ ఎక్కువైనట్టు. అసలు ప్రమాదం శబ్దం లేకుండా గ్యాప్ తగ్గిపోవడం. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ పెట్టించిన బండ్లలో తొందరగా వస్తుంది.

ఎన్‌హెచ్65
బాబాయ్ పోస్టు ప్రింట్ తీసి షెడ్డు గోడకి అంటించాలి.

కృష్ణలంక_కుర్రోడు
బాబాయ్ గారూ, మా చుట్టాలది సీవీటీ (బెల్టుతో నడిచే ఆటోమేటిక్) సిటీ. కదిలేటప్పుడు వణుకుతోంది. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

బేరింగ్_బాబాయ్
ముందు ఫ్లూయిడ్. హోండా వాళ్ల హెచ్‌సీఎఫ్-2 మాత్రమే పోయాలి. మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే బెల్టు జారి పుల్లీ గీసుకుపోతుంది. మెషిన్ పెట్టి ఫ్లష్ చేస్తామంటే వద్దనండి. డ్రెయిన్ చేసి, దిగినంత కొలిచి అంతే పోయమనండి. కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ ఒకసారి. 40 వేలకొకసారి మార్చిన బండికి ఈ వణుకు అరుదు.

స్లాట్_నంబర్_14
అందరూ ఇంజిన్ గురించి మాట్లాడుతున్నారు. పార్కింగ్ కొలిచారా మూర్తిగారూ? చాలా అపార్ట్‌మెంట్లలో స్లాట్ ఎనిమిది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. అంటే 2438 మిల్లీమీటర్లు, 4877 మిల్లీమీటర్లు. ఎక్స్‌యూవీ వెడల్పు 1890, అద్దాలు కాకుండా. పొడవు 4695. ఇటు 27 సెంటీమీటర్లు, అటు 27. ఆ సందులోంచి తలుపు తీసి మనిషి దిగలేడు. ముందు వెనక కలిపి 18 సెంటీమీటర్లే మిగులుతుంది. సిటీ 1695 వెడల్పు, 4440 పొడవు. పక్కకి 37 చొప్పున వస్తుంది, అదీ ఇరుకే గానీ దిగొచ్చు. స్లాట్ మూలలో పిల్లర్ ఉంటే ఈ లెక్క కూడా చెల్లదు. టేపు పట్టుకుని కొలిచాకే బుకింగ్ డబ్బు కట్టండి.

మియాపూర్_మూర్తి
ఇప్పుడే కొలిచాను. 8 అడుగుల 3 అంగుళాలు, 16 అడుగులు. కుడిపక్క వెనక మూల పిల్లర్ ఉంది.

స్లాట్_నంబర్_14
పిల్లర్ వెనక మూలే అయితే డ్రైవర్ డోర్‌కి అడ్డం రాదు, బండి ముక్కు లోపలికి పెట్టనంత వరకు. రివర్స్‌లోనే పెట్టాలి. స్లాట్‌కి ఎదురుగా డ్రైవ్‌వే ఎంతుందో కూడా చూడండి. పొడవు బండి ఒకే మలుపులో లోపలికి రాదు.

ఓరుగల్లు_రైడర్
ఇంట్లోళ్లందరు కిందనే దిగి, మూర్తన్న ఒక్కడే బండి లోపట పెట్టి సన్రూఫ్‌ల కెళ్లి బయటికి రావాలె.

సీటుబెల్ట్_సుబ్బారావు
నవ్వులు సరే, భద్రత సంగతి ఎవరూ ఎత్తలేదు. నలుగురు మనుషులున్న ఇల్లు. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఎక్స్‌యూవీ700కి పెద్దల భద్రతలో 17కి 16.03, ఐదు స్టార్లు. పిల్లల భద్రతలో నాలుగు స్టార్లు. ఈ తరం సిటీకి 2022లో 17కి 12.03, నాలుగు స్టార్లు. సిటీ మరీ నాసి బండి కాదు. కానీ అందులో ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) లేదు. తడి రోడ్డు మీద హఠాత్తుగా గేదె అడ్డొచ్చి స్టీరింగ్ తిప్పితే, జారుతున్న చక్రాన్ని పట్టి బండిని దారిలోకి తెచ్చేది అదే. ఏబీఎస్‌తో ఆ పని అవదు. ఎంత రిపేరు చేయించినా సిటీకి ఈఎస్‌సీ రాదు. ఈ ఒక్క కారణానికి నేను కొత్త బండి వైపే.

లెక్కల_మాస్టారు
ఈఎస్‌సీ విషయం ఒప్పుకుంటాను సుబ్బారావుగారూ. కానీ ఈఎస్‌సీ కావాలంటే పాతిక లక్షల ఎస్‌యూవీయే అక్కర్లేదు కదా. కొత్త చిన్న బండ్లలోనూ వస్తోంది. పైగా ఆ టెస్టులు అప్పటి పాత పద్ధతివి, గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ముందు భాగం నలభై శాతం గుద్దించి చూసినవి.

సీటుబెల్ట్_సుబ్బారావు
నిజమే. వేరియంట్ కూడా చూసుకోవాలి. కింద వేరియంట్‌లో అన్ని ఎయిర్‌బ్యాగులూ రావు. బ్రోచర్‌లో ఈఎస్‌పీ (ఈఎస్‌సీకే ఇంకో పేరు), కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, వెనక మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు, ఇవి టిక్ పెట్టి చూడండి. మూడో వరసలో పిల్లల్ని కూర్చోబెడితే వాళ్ల తల వెనక అద్దానికి ఎంత దగ్గరగా ఉందో కూడా చూడండి.

డీజిల్_దొర
ఏడాస్ (కెమెరా, రాడార్‌తో చూసి తనే బ్రేక్ వేసే ఏర్పాటు) ఉన్న వేరియంట్ తీసుకోండి మూర్తిగారూ. హైవే మీద అలసట సగం తగ్గుతుంది.

సెకండ్_గేర్
హైవే మీద సరే. మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా బైకులు ముందు బంపర్ రాసుకుంటూ దూరుతుంటాయి. ఆటో బ్రేక్ ఒక్కసారి గట్టిగా పడితే వెనక వచ్చే ఆటో మన డిక్కీలో ఉంటుంది. ఊళ్లో సెన్సిటివిటీ తగ్గించుకోవాలి. ఇంకోటి, కెమెరా ముందు అద్దానికి ఉంటుంది. రాయి తగిలి అద్దం మార్చితే కెమెరా కాలిబ్రేషన్ చేయించాలి, బయట అద్దాల షాపులో కుదరదు. రాడార్ ముందు భాగంలో ఉంటుంది కాబట్టి చిన్న గుద్దుకి కూడా బిల్లు పెద్దదే. అందుకే ఈ బండికి జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయని ఇన్సూరెన్స్) తప్పనిసరి.

గోదారి_గట్టు
రాజమండ్రి ప్రయాణం సంగతి. మూడో వరస ఎత్తితే ఎక్స్‌యూవీలో సామాను చోటు దాదాపు ఉండదు. ఆరుగురికి ఆరు బ్యాగులు ఎక్కడ పెడతారు? సిటీ డిక్కీ 510 లీటర్లు. వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ, కొబ్బరికాయలు, అరబస్తా బియ్యం ఇస్తారు కదా, అవన్నీ సిటీలో పడతాయి. ఆరుగురితో ఎక్స్‌యూవీలో వస్తే జాడీ ఎవరో ఒకరి ఒళ్లోనే.
పైన క్యారియర్ కట్టొచ్చు. కానీ మైలేజీ ఇంకా పడిపోతుంది. వేగం 80 నుంచి 120కి పెరిగితే గాలి అడ్డు 2.25 రెట్లు, దాన్ని తోయడానికి కావలసిన శక్తి 3.4 రెట్లు. ఎత్తైన బండికి ఎదురుగాలి తగిలే ముఖం పెద్దది. ఓఆర్ఆర్ మీద 120 అనుమతి ఉందని అదే స్పీడులో పోతే పెద్ద ఎస్‌యూవీ మైలేజీ చూసి గుండె ఆగుతుంది. 90 దగ్గర పట్టండి.

కృష్ణలంక_కుర్రోడు
అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే సిటీలో కూర్చోవడం నరకం. కిందికి దిగిపోయినట్టు కూర్చోవాలి, లేవాలంటే ఎవరో చెయ్యి ఇవ్వాలి.

స్లాట్_నంబర్_14
ఎక్స్‌యూవీ కూడా వాళ్లకి సుఖమేం కాదు. కాలు బాగా ఎత్తి ఎక్కాలి. చీర కట్టుకున్న పెద్దావిడకి మరీ కష్టం. సీటు తొడ ఎత్తులో ఉంటే నిలబడి పక్కకి జరిగి కూర్చోవచ్చు, అదే తేలిక. షోరూంకి అమ్మానాన్నల్ని తీసుకెళ్లి నాలుగైదుసార్లు ఎక్కించి దించండి, రెండో వరసలోకి. సైడ్ స్టెప్ వేస్తే ఎక్కడానికి పనికొస్తుంది గానీ దిగేటప్పుడు పిక్కకి తగిలి ప్యాంటు మురికవుతుంది. మూడో వరసలోకి పెద్దవాళ్లని ఎక్కించే ఆలోచనే వద్దు, అది పిల్లల చోటు.

నోయిడా_తెలుగు
ఒక అనుమానం. 2015 పెట్రోల్ అంటే 2030లో పదిహేనేళ్లు నిండుతాయి కదా. మా ఢిల్లీ వైపు పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండిని తిరగనివ్వరేమోనని ఇదే పెద్ద భయం. అక్కడ ఎలా?

లెక్కల_మాస్టారు
ఢిల్లీ ఎన్‌సీఆర్ నిబంధన ఇక్కడ లేదండి. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేసుకోవాలి, ఐదేళ్లకి ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. పైన గ్రీన్ ట్యాక్స్. 2030 దాకా ఆ బెంగ అక్కర్లేదు.

ఎన్‌హెచ్65
ఈ20 పెట్రోల్, అదే 20 శాతం ఇథనాల్ కలిపినది? పాత బండ్లు పాడవుతాయని అందరూ భయపెడుతున్నారు.

బేరింగ్_బాబాయ్
2009 జనవరి తర్వాత తయారైన తమ బండ్లలో వాడిన మెటీరియల్ ఈ20కి తట్టుకుంటుందని హోండానే చెప్పింది. కాబట్టి పైపులు, సీళ్ల గురించి కంగారు వద్దు. మైలేజీ మాత్రం తగ్గుతుంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఈ10 నుంచి ఈ20కి వస్తే మూడు నాలుగు శాతం తేడా లెక్క ప్రకారమే రావాలి. పదిహేను శాతం పడిపోయిందంటే ఇథనాల్ తప్పు కాదు, టైర్ల గాలి, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ చూడండి. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు సగం ఖాళీగా ఉంచొద్దు, తేమ పడుతుంది.

సెకండ్_గేర్
రీకాల్స్ కూడా చూసుకోండి. సిటీకి టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు, ఫ్యూయల్ పంపు మీద వేర్వేరు సంవత్సరాల బండ్లకి రీకాల్స్ వచ్చాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొడితే మీ బండి ఉందో లేదో చెబుతుంది. ఉంటే ఫ్రీగా మారుస్తారు. 2023 ఆగస్టులో ఎక్స్‌యూవీ700లు 1,08,306 బండ్లని ఇంజిన్ దగ్గర వైరింగ్ చెకింగ్‌కి పిలిచారు. ఆ కాలం నాటిది సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు ఆ పని అయిందా అని సర్వీస్ రికార్డు అడగాలి.

మియాపూర్_మూర్తి
వేరే షెడ్డులో పిట్ ఎక్కించి చూపించాను. రెండు లింక్ రాడ్లూ పోయాయి. ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ చీలింది. స్ట్రట్లు పొడిగా ఉన్నాయి. థ్రాటిల్ కడిగి, బాబాయ్‌గారు చెప్పినట్టు ఐడిల్ నేర్పించాం, వణుకు చాలావరకు తగ్గింది. కుడి మౌంట్ కొంచెం తడిగా ఉంది. రాసిచ్చిన లెక్క: లింక్ రాడ్లు, రెండు పక్కలా బుష్‌లు, మౌంట్, అలైన్‌మెంట్, లేబర్ కలిపి 19 వేలు. టైర్లు వేరే. లక్ష అన్నవాళ్లు స్ట్రట్లు నాలుగూ, స్టీరింగ్ ర్యాక్ కూడా కలిపారట.

ఓరుగల్లు_రైడర్
లక్ష ఎక్కడ, 19 వేలు ఎక్కడ! స్టీరింగ్ ర్యాక్ ఎందుకు కలిపిండ్రు?

బేరింగ్_బాబాయ్
లింక్ రాడ్ శబ్దాన్నే ర్యాక్ అని చెప్పడం మామూలే. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బండి ఆపి, స్టీరింగ్‌ని అంగుళం అటూ ఇటూ గబగబా కదపండి. చేతికి ఠక్ ఠక్ తగిలితేనే ర్యాక్ గానీ టై రాడ్ గానీ అనుమానించాలి. మూర్తిగారూ, బుష్‌లు రెండు పక్కలా వేయించడం మంచిదే. పాతవి బండిలో వేసి ఇమ్మనండి.

డీజిల్_దొర
ఇప్పటికి 19 వేలు. వచ్చే ఏడాది క్లచ్, ఆ తర్వాత ఏసీ కూలింగ్ కాయిల్. పాత బండి అంటే అంతేనండి.

లెక్కల_మాస్టారు
వస్తాయి. క్లచ్ పదిహేను ఇరవై వేలు, కూలింగ్ కాయిల్ డాష్‌బోర్డు విప్పి వేయాలి కాబట్టి అది కూడా అంతే. రెండూ ఒకే ఏడాది వచ్చినా ఒక నెల ఈఎంఐ.

సీటుబెల్ట్_సుబ్బారావు
మాస్టారి లెక్కకి నా జవాబు పాతదే. ఈఎస్‌సీ లేదు.

పటాన్‌చెరు_పైలట్
టైర్ల సంగతి చెప్పుర్రి. సిటీ కడుపు నేలకు తగుల్తది. పెద్ద టైర్ వేస్తే?

బేరింగ్_బాబాయ్
175/65 ఆర్15 ఉన్న బండికి 185/65 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం 608 నుంచి 621 మిల్లీమీటర్లకి పెరుగుతుంది. నేల నుంచి ఎత్తు పెరిగేది అందులో సగం, ఆరున్నర మిల్లీమీటర్లు. 165 కాస్తా 171 అవుతుంది. స్పీడోమీటర్ రెండు శాతం తక్కువ చూపిస్తుంది. అంతకు మించి వెళ్లొద్దు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది. స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టిస్తే ఎత్తు పెరుగుతుంది గానీ స్ట్రట్ మౌంట్ మీద దెబ్బ పడుతుంది. నేనైతే వద్దంటాను.
సైజు మార్చారంటే ఐదో చక్రం సంగతి మరిచిపోకండి. స్టెప్నీ పాత సైజే ఉండిపోతుంది. అది దారిలో పంక్చర్ షాపు దాకా వాడుకోవడానికే, రాజమండ్రి దాకా కాదు. ముందు దాని వయసు చూడండి. టైర్ పక్క గోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2315 అని ఉంటే 2015లో 23వ వారం తయారైంది. పదేళ్ల బండిలో అది బండితో వచ్చినదే అయి ఉంటుంది. గీతలు కొత్తగా కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఇప్పుడున్న నాలుగింటిలో తక్కువ అరిగిన టైర్ ఏదో, తేదీ ఆరేళ్ల లోపుంటే, దాన్ని స్టెప్నీకి వేయించుకుని పాతది షాపులోనే వదిలేయండి.

మియాపూర్_మూర్తి
చూశాను. స్టెప్నీ 1115. మారుస్తున్నాను. 19 వేల పని శనివారం ఇస్తున్నాను, టైర్లు 175 సైజే వేయిస్తాను. ఎక్స్‌యూవీ టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చాక వాళ్లని ఎక్కించుకునే వెళ్తాను. అప్పటిదాకా బుకింగ్ లేదు.

స్లాట్_నంబర్_14
టెస్ట్ డ్రైవ్ బండిని మీ అపార్ట్‌మెంట్‌కి రమ్మనండి. స్లాట్‌లో పెట్టి తలుపు తీసి చూడండి.